మూడో ఆదివారం ప్రకటన

కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటారు. ఆ సామెత కట్టిన మహానుభావుడెవరో గానీ బందరులో సువర్ణమ్మ గారింటికి మాత్రం ఒక్కసారి కూడా వచ్చి ఉండడు. వచ్చి ఉంటే కల్యాణాన్ని కొట్టేసి కక్కు ఒక్కటే ఉంచి వెళ్లేవాడు. ఆవిడ కూతురు ప్రీతి పెళ్లి ఇప్పటికి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. రెండుసార్లూ చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగింది. ఇప్పుడు మూడోసారి వీధి మలుపులో కనిపిస్తోంది.

పోనీ పిల్లకు తెలివి లేదా అంటే, ఆ మాట అన్నవాళ్ల కళ్లు పోతాయి. ప్రీతి గుడివాడలో వంతెనలు కట్టే ఒక కంపెనీలో ప్లానింగ్ ఇంజినీరు. ఏ పని ముందు, ఏ పని వెనక, ఏది ఎన్నాళ్లు పడుతుంది అన్నదంతా కంప్యూటర్లో రంగు పట్టీలుగా గీస్తుంది. ఒక్కరోజు జరిగినా మొత్తం వంతెనే జరిగిపోయే పనులు ఎర్ర పట్టీలు. కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగనివి నీలం పట్టీలు. నీలం పట్టీ జరగడానికి ఉండే ఆ ఖాళీని ఆఫీసులో ఫ్లోట్ అంటారు. ఇంట్లో ఎవరైనా అడిగితే ప్రీతి వెసులుబాటు అని చెబుతుంది. ఊళ్లో వంతెనలన్నీ అనుకున్న వేళకు నిలబెట్టే పిల్లకు తన పెళ్లి మాత్రం నిలబెట్టుకోవడం చేతకాలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటే ఇదే మరి.

ఎలా పడిందో చెబుతాను. వాళ్ల మందిరంలో పెళ్లి చేయాలంటే వరసగా మూడు ఆదివారాలు ఆరాధన మధ్యలో పాస్టరు గారు ప్రకటన చదవాలి. ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి, అని. ఆ మందిరం పుట్టాక అభ్యంతరం చెప్పిన నాథుడు లేడనుకోండి, అయినా చదవాలి. మూడోది చదివాక మర్నాడైనా పెళ్లి చేసుకోవచ్చు. చేసుకోకుండా నాన్చుతూ కూర్చుంటే ఒక గడువు దాటాక ఆ ప్రకటనలు చెల్లవు. మళ్లీ మొదటి ఆదివారం నుంచి చదివించుకోవాలి. తోడుకున్న పెరుగును మర్చిపోతే పులుస్తుందా లేదా? అంతే.

ఏ పనైనా ఎంత ముందు చేసేయగలిగితే అంత ముందు చేసేయాలన్నది ప్రీతికి వృత్తిలో పట్టిన అలవాటు. అందుకని ప్రకటనలు మూడూ ముందే చదివించేసి, పెళ్లి తేదీ గడువు చివర్లో పెట్టుకుంది. మధ్యలో కాస్త ఖాళీ ఉంటే దేనికైనా పనికొస్తుందనుకుంది. పనికొచ్చింది, పనికిరాకేం! మొదటిసారి ఆ ఖాళీలో అన్నయ్య జీవన్ కుమార్ ఇంటి శ్లాబు వచ్చి పడింది. దగ్గరుండి చూసేది ప్రీతే కదా. రెండోసారి సువర్ణమ్మ గారి మోకాలి ఆపరేషన్ వచ్చి పడింది. మంచం పక్కన ఉండేది ప్రీతే కదా. రెండుసార్లూ గడువు దాటింది, ప్రకటనలు పులిసిపోయాయి.

పెళ్లికొడుకు పేరు శ్యాంబాబు. నాగాయలంకలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పని. తాతగారి పేరు పెట్టడం వల్ల కాబోలు మనిషి కూడా తాతగారిలాగే నిదానం. వాయిదా సంగతి ఫోన్లో చెప్పిన రెండుసార్లూ, "తొందరేముందండీ ప్రీతి గారూ, ముందు ఇంటి పనులు కానివ్వండి" అన్నాడు. ఆ మాట వినగానే ప్రీతికి గుండె తేలికపడేది. ఎంత మంచివాడు అనుకునేది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇక మూడోసారి. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల దినాలు మొదలైతే మందిరంలో పెళ్లిళ్లు చేయరు కాబట్టి, వాటికి ముందు వచ్చే శనివారం పెళ్లి అని నిర్ణయించారు. పెళ్లికి ఇంకా నెలకు పైగా ఉండగానే ప్రకటనలు రెండు ఆదివారాలు చదవడం అయింది. ఆ రెండో ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జీవన్ కుమార్ కోడికూర కలుపుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"చెల్లీ, ఆ వారం మొత్తం నాకు ఆర్డర్లేనే. పెడన, గూడూరు, మొవ్వ, ఎక్కడ చూసినా మన షామియానాలే. ఇంట్లో పెళ్లికి వేసుకోడానికి ఒక్క గుంజ మిగల్లేదు. ఈస్టరు అయ్యాక పెట్టుకుందామా?"

జీవన్ కుమార్‌ది టెంటు హౌసు. ఊరందరి పెళ్లిళ్లకీ పందిళ్లు వేస్తాడు. చెల్లెలి పెళ్లికి గుంజ లేదట! వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది గానీ, అతను మాత్రం వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు.

"అదీ నిజమేలే అమ్మా," అంది సువర్ణమ్మ గారు చారు వడ్డిస్తూ. "శ్యాంబాబు మంచోడు, ఏమీ అనుకోడు. వచ్చే ఆదివారం మూడో ప్రకటన ఎలాగూ చదువుతారు. ఆరాధన అయ్యాక అయ్యగారికి నెమ్మదిగా చెబుదాం. గడువు దాటితే మళ్లీ చదివించుకుందాం, చదివితే అరిగిపోతాయా?"

ప్రీతి చారన్నం వంక చూస్తూ, "సరేలే" అంది. అనేసింది! తనలో ఏదో కిందికి జారిపోతున్నట్టు తెలుస్తూనే ఉంది. శ్యాంబాబంటే ఆమెకు ప్రాణం. అయినా, అందరి పనులూ తోసుకుంటూ ముందుకొస్తుంటే తన పనిని పక్కకు జరపడం ఆమెకు ఎంత అలవాటైపోయిందంటే, నోరు దానంతట అదే సరేలే అంటుంది. ఆ సాయంత్రం శ్యాంబాబుకు ఫోన్ చేసి చెబుదామనుకుని చేయలేదు.

మర్నాడు పొద్దున గుడివాడ ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుంది. మంచు దట్టంగా పట్టి ఉంది. చేలు లేవు, గట్లు లేవు, లోకమంతా పాలు ఒలికినట్టుంది. పెడన దగ్గర మంచు కాస్త పలచబడి, కాలువ గట్టున ఆరేసిన అద్దకం గుడ్డలు కనిపించాయి. ఎర్రవీ నీలంవీ పొడుగ్గా పరిచి ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూ ప్రీతి కన్ను మూసింది.

కలలో ఆ గుడ్డలు మెల్లగా గట్టు దిగి కాలువ నీళ్ల మీద సాగిపోతున్నాయి. ఎర్రవి ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి, నీలంవి మాత్రం కదులుతున్నాయి. వాటిలో ఒకటి పడవైంది. పడవలో శ్యాంబాబు ఒళ్లో నీళ్ల సీసా పెట్టుకుని కూర్చున్నాడు. గట్టు మీద నుంచి జీవన్ కుమార్ పడవను కాలితో కొంచెం తోశాడు, నవ్వుతూనే. అమ్మ చేత్తో కొంచెం తోసింది, ప్రేమగానే. పడవ చప్పుడు లేకుండా పోతోంది. గూడూరు పోయింది, చల్లపల్లి పోయింది, పులిగడ్డ పోయింది. నీళ్లు ఉప్పబడ్డాయి. పక్కన మడచెట్లు కనిపిస్తున్నాయి. "తొందరేముందండీ" అంటున్నాడు శ్యాంబాబు, ప్రతిసారీ కాస్త దూరం నుంచి. ఆపండర్రా అని అరవబోయి ప్రీతి తన చేతుల వంక చూసుకుంది. పడవ నడిపే గడ తన చేతుల్లోనే ఉంది. అప్పటిదాకా గట్టిగా తోస్తున్నది తనే.

"అమ్మాయ్, గుడివాడ! దిగవా?" అని పక్కనున్న పెద్దావిడ భుజం తట్టింది.

కల అక్కడితో పోతే బాగుండేది. పోలేదు. రెండు రోజులు ఆ పడవ ఆమె కళ్ల ముందు నుంచి కదల్లేదు. బుధవారం సైటు మీటింగులో పునాదుల కాంట్రాక్టరు మోహనకృష్ణ దొరికిపోయాడు. మొవ్వలో వరి పండించే కుటుంబం వాళ్లది. తన పని చెప్పిన తేదీకి చాలా వెనకపడింది. అయినా ముఖం మీద చిరునవ్వు చెక్కుచెదరలేదు.

"అలా చూస్తారేంటండీ మేడం గారూ. మీ చార్టులోనే ఉంది కదండీ వెసులుబాటు. మాది నీలం పట్టీయే కదండీ."

"ఉందండీ, కాదన్నానా? కానీ అది మీ ఒక్కరిదే కాదు. ఆ వరస మొత్తానికీ కలిపి ఉన్నది. మీ తర్వాత స్తంభాల వాళ్లున్నారు, ఆ తర్వాత పైన శ్లాబు వాళ్లు, ఆఖర్న రెయిలింగు వాళ్లు. మొదట మీ చేతికే దొరికిందని మొత్తం వాడేసుకుంటే ఎలాగండీ?"

"ఏదో కొంచెం వాడానండీ."

"అందరూ కొంచెమే అంటారు. మీరు రైతులే కదా, మీకు నేను చెప్పాలా? కాలువలో నీళ్లున్నాయి కదా అని ఎగువ వాళ్లు తూములెత్తుకుంటారు. దొంగతనం చేశారంటామా? అనం. ఎవరి చేనుకి వాళ్లు పెట్టుకున్నారంతే. కానీ శివారు చేలు ఎండిపోతాయి. ఆ శివారు మనిషి పాపం పైకొచ్చి పోట్లాడను కూడా పోట్లాడడు. గట్టు మీద కూర్చుని, వస్తాయిలే నీళ్లు, తొందరేముంది అనుకుంటూ..."

మాట అక్కడే ఆగిపోయింది. శివారంటే నాగాయలంక. కాలువ ఆఖరు ఊరు, తర్వాత సముద్రమే. శ్యాంబాబు ఓపికలో అన్నయ్య ఇంత, అమ్మ ఇంత పట్టుకుపోయారు. మిగిలింది ఎంతో ఎవరూ చూడలేదు. చూడాల్సిన మనిషి చార్టులు గీస్తూ కూర్చుంది. తన పెళ్లి ఎప్పుడో నీలం నుంచి ఎరుపుకు తిరిగిపోయింది.

"అయ్యో మేడం గారూ, తప్పయిపోయిందండీ!" అన్నాడు మోహనకృష్ణ కంగారుగా లేచి నిలబడి. "రేపే ఇంకో జట్టుని దించుతాను. దీనికి కళ్లనీళ్లెందుకండీ!"

శనివారం సెలవు పెట్టి ప్రీతి నాగాయలంక బస్సెక్కింది. పులిగడ్డ దగ్గర ఏరు దాటాక గాలిలో ఉప్పు తగిలింది. రోడ్డుకు రెండు వైపులా చేలు తగ్గి చెరువులు మొదలయ్యాయి. చెరువుల్లో రొయ్యలకు గాలినిచ్చే చక్రాలు తిరుగుతూ నీళ్లను తెల్లగా చిమ్ముతున్నాయి. ఎండ మెత్తగా ఉంది. ఆ నీళ్ల మధ్య బస్సు వెళ్తుంటే నేల మీద వెళ్తున్నట్టే లేదు. ఇంట్లో సరేలే అన్న మాటను వెనక్కి తీసుకునే ధైర్యం ఇంకా రాలేదు, అందుకే ఈస్టరు సంగతి ఎదురుగా చెప్పేయాలని వచ్చింది. అతను తొందరేముందండీ అంటే, తను ఈసారికీ బతికిపోయినట్టే.

శ్యాంబాబు ల్యాబు కింద, అతని గది మేడ మీద. ప్రీతిని చూడగానే ముఖం విప్పారింది. టీ తెప్పిస్తానని కిందికి పరిగెత్తాడు. గది తలుపు తీసే ఉంది. ప్రీతి లోపలికి వెళ్లింది.

మొదటిసారి ప్రకటనలు చదివించినప్పుడు అతను ఫోన్లో ఎంతో సంబరంగా చెప్పిన డబుల్ కాట్ కిటికీ పక్కన ఉంది. దాని మీద పరుపు. పరుపు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ఎండ తగిలి తగిలి పసుప్పచ్చగా అయిపోయింది. దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చెరువు నీళ్ల సీసాలు, చీటీలు అంటించి, వరసలుగా పేర్చి ఉన్నాయి. గోడ పక్కన నేల మీద చాప చుట్టి ఉంది. అతను పడుకునేది దాని మీద.

ప్రీతికి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ చాప చూసి, రెండు సీసాలు పక్కకు జరిపి పరుపు అంచున కూర్చుంది.

"మొదట్లో ఏమీ పెట్టలేదండీ," అన్నాడు శ్యాంబాబు టీ గ్లాసులతో వచ్చి, సిగ్గుపడుతూ. "ఖాళీగా ఉంది కదా అని ఒకరోజు నాలుగు సీసాలు పెట్టాను. తర్వాత అవే పెరిగిపోయాయి."

ఇద్దరూ టీ తాగారు. కింద రోడ్డు మీద మంచు పెట్టెల బండి ఒకటి నీళ్లు కార్చుకుంటూ వెళ్లింది.

"మా ఓనరు గారు కాకినాడలో కొత్త ల్యాబు పెడుతున్నారండీ," అన్నాడు. "నన్ను వెళ్లి చూసుకోమంటున్నారు. సోమవారం ఏ సంగతీ చెప్పాలి. ఇక్కడ నిన్ను పట్టి ఆపేదేముందయ్యా అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదండీ."

"వెళ్తారా?"

"మనకి తేదీ ఉంది కదండీ," అని అతను ఆమె ముఖం వంక చూశాడు. ఈస్టరు అన్న మాట ఆమె నోట్లోనే ఉంది, బయటికి రాలేదు. రానక్కర్లేకపోయింది.

"మళ్లీనా?" అన్నాడు.

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ప్రీతి ఎదురుచూసిన ఆ ఒక్క మాట కూడా లేదు. తొందరేముందండీ అనలేదు. గ్లాసులో అడుగున మిగిలిన టీని తిప్పుతూ కూర్చున్నాడు. ఇతను వెళ్లిపోతాడు, అనుకుంది ప్రీతి. ఒక్క మాట అనకుండా, నన్ను తప్పు పట్టకుండా వెళ్లిపోతాడు.

బస్సెక్కించేటప్పుడు అతనే అన్నాడు. "మా ఊళ్లో ప్రకటనలు మూడూ పోయిన వారంతో అయిపోయాయండీ. రేపు మీ మందిరానికి వస్తాను. మీ పేరు, నా పేరు అక్కడ చదువుతుంటే ఎప్పుడూ వినలేదు. ఒక్కసారైనా విందామని."

ఆ మాటల్లో వీడ్కోలు ఉందని తెలుసుకోవడానికి ప్లానింగ్ ఇంజినీరు కానక్కర్లేదు. బందరు దాకా ప్రీతి కిటికీ ఊచ వదల్లేదు.

ఆదివారం మందిరం వెలుగుతో నిండిపోయింది. రంగుటద్దాల్లోంచి పడిన ఎండ నేల మీద ఎర్రగా, నీలంగా పరుచుకుని ఉంది. ప్రీతి ఆడవాళ్ల వైపు, అమ్మ పక్కన, చెంగు తల మీద కప్పుకుని కూర్చుంది. కీర్తనలు ఎక్కడో నీళ్ల అవతల పాడుతున్నట్టు వినిపిస్తున్నాయి. వెనక బెంచీలో శ్యాంబాబు ఉన్నాడు. తిరిగి చూడకపోయినా ఆమెకు తెలుసు. నేల మీది నీలం వెలుగు ఎండతో పాటు మెల్లగా జరుగుతోంది. జరిగి జరిగి ఆమె కాలి దగ్గరికి వచ్చింది.

పాస్టరు దానియేలు అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. ఈ జంట పేర్లు మూడోసారి మూడో ప్రకటనలో చదవడం ఆయనకూ కొత్తే. అక్కడక్కడా ముసుగుల కింద నవ్వులు కదిలాయి. "...వీరి వివాహానికి ఎవరికైనా తగిన అభ్యంతరం ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను" అని, అలవాటు ప్రకారం ఆగకుండానే తర్వాతి ప్రకటనకు కాగితం తిప్పబోయారు.

"నాకు ఉందండీ అయ్యగారూ."

మందిరమంతా ఒక్కసారి తిరిగింది. లేచి నిలబడింది పెళ్లికూతురే! హార్మోనియం దగ్గరున్నాయన చేయి జారి ఒక మెట్టు కుయ్యిమంది. సువర్ణమ్మ గారు కూతురి చీర పట్టుకుని లాగుతోంది. "కూర్చోవే, పరువు తీస్తున్నావు, కూర్చో!"

"నీకా? నీ పెళ్లికి నీకే అభ్యంతరమా అమ్మా?" అన్నారు అయ్యగారు కళ్లద్దాలు తీసేసి.

"పెళ్లికి కాదండీ, తేదీకండీ." అమ్మ చేతిలోంచి చెంగు లాక్కుంది. "అది దూరంగా ఉందండీ. దూరంగా ఉంటే మధ్యలో ఎవరి పని వాళ్లు తెచ్చి పెట్టుకుంటారు. వాళ్ల తప్పు కాదు, ఖాళీ ఉంచింది నేనే. ఈసారి ఖాళీ వద్దండీ. ప్రకటనలు ఇక్కడా అక్కడా అయిపోయాయి. ఈ వచ్చే శనివారం మందిరంలో ఎవరి పెళ్లీ లేకపోతే మాకు చేసేయండి."

"శనివారమా! షామియానాలేవే?" అన్నాడు జీవన్ కుమార్ మగవాళ్ల వైపు నుంచి, చోటు మర్చిపోయి.

"మందిరానికి కప్పుంది కదన్నయ్యా."

ఎవరో పకాలున నవ్వారు. దాంతో సగం మందిరం నవ్వింది. అయ్యగారు మాత్రం నవ్వలేదు. ఎంతోమంది పెళ్లిళ్లు చేసిన కళ్లతో ప్రీతిని కాసేపు చూశారు. తర్వాత వెనక బెంచీ వైపు తిరిగారు.

"శ్యాంబాబూ, అమ్మాయి మాట విన్నావుగా. నువ్వు నిదానస్తుడివి, నిన్ను బలవంతపెట్టను. తొందరేం లేదంటే ముందనుకున్న తేదీకే ఉంచుదాం. ఏమంటావు?"

శ్యాంబాబు బెంచీ పట్టుకుని లేచాడు.

"తొందర ఉందండీ అయ్యగారూ," అన్నాడు. "మొదటి నుంచీ ఉందండీ. ఎవరూ అడగలేదు."

మందిరంలో నవ్వు ఆగిపోయింది. జీవన్ కుమార్ తల దించుకున్నాడు. ప్రీతి అందరి ముందూ, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. సువర్ణమ్మ గారు కూతురి చీర వదిలేసి, ఆ చేత్తోనే వీపు రాస్తూ, "ఊరుకోవే, ఊరుకో. శనివారానికి జాకెట్టు ఎవరు కుడతారే తల్లీ" అంది.